పదిహేను మంది... అందరూ ఆడవాళ్లే!

ఆడపిల్ల పియానో వాయిస్తే ముచ్చట, అదే బాకా ఊదితే మొరటు! అమెరికాలోనూ ఒకప్పుడు ఇదే ధోరణి. అందుకేనేమో, న్యూయార్క్ 'దివా జాజ్ ఆర్కెస్ట్రా' వింటే నాకు భలే హుషారు. అయిదుగురు శాక్సఫోన్, నలుగురు ట్రంపెట్, ముగ్గురు ట్రాంబోన్, ఇంకా పియానో, బాస్, డ్రమ్స్. మొత్తం 15 మందీ స్త్రీలే.

నాయకురాలు షెర్రీ మారికిల్ డ్రమ్స్ వాయిస్తారు. 1990లో ఆమె ప్రతిభ చూసిన స్టాన్లీ కేకి (ఈయనా డ్రమ్మరే) ఇంత బాగా వాయించే ఆడవాళ్లు ఇంకెందరున్నారోనన్న ఆలోచన వచ్చింది. దేశమంతా వెతికితే దొరక్కేం! 1993లో తొలి కచేరీ ఇచ్చేశారు. బాణీ మాత్రం 1930, 40ల నాటి స్వింగ్‌దే. ట్రంపెట్లు ఏదో అడిగినట్టు, శాక్సఫోన్లు బదులు చెప్పినట్టు... వింటుంటే కాళ్లు వాటంతటవే తాళం వేస్తాయి.

మరి ఆ రోజుల్లో ఆడవాళ్ల బ్యాండ్లు లేవా అంటే, లేకేం! 1937లో మిసిసిపీ రాష్ట్రంలోని పైనీ వుడ్స్ బడిలో 'ఇంటర్నేషనల్ స్వీట్‌హార్ట్స్ ఆఫ్ రిథమ్' పుట్టింది. తర్వాత తెల్లమ్మాయిలూ చేరారు. నల్లవాళ్లతో కలిసి వాయించడం దక్షిణాదిలో చట్టవిరుద్ధం. పోలీసుల కంట పడకుండా వాళ్లు ముఖానికి ముదురు రంగు పూసుకునేవారట. హోటళ్లలో గది ఇవ్వరు కాబట్టి పడక బస్సులోనే! ఇంత చేసినా, యుద్ధం ముగిసి మగవాళ్లు తిరిగొచ్చాక అవకాశాలు తగ్గిపోయాయి. 1949లో బ్యాండే లేకుండా పోయింది.

దివాకి ఆ గతి పట్టలేదు. 2023లో తొలి కచేరీకి 30 ఏళ్లు నిండాయి. అప్పటికీ డ్రమ్స్ దగ్గర షెర్రీయే!