పటంలో రంగు పడ్డాక పిలుపు

పేపర్లో టెండరు నోటీసుల పక్కన, కోర్టు ప్రకటనల కింద, చీమంత అక్షరాలతో ఒక ప్రకటన పడుతుంది. ఫలానా మండలం, ఫలానా గ్రామం, సర్వే నంబరు ఇంత, విస్తీర్ణం ఇంత. ఇప్పుడు కన్జర్వేషన్ జోన్‌లో ఉన్న ఈ భూమిని నివాస జోన్‌గా మార్చదలిచాం. అభ్యంతరాలు, సూచనలు ఉన్నవారు 15 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలపాలి. చివర్లో హద్దులు ఉంటాయి: ఉత్తరాన ఫలానా సర్వే నంబరు, తూర్పున బండ్ల బాట. ఉత్తరాన ఉన్న ఆ నంబరు మీదే కావచ్చు. అయినా పేజీ తిప్పేస్తాం. సాయంత్రానికి ఆ పేపరు బజ్జీల పొట్లం అవుతుంది. కొన్ని నెలలకు తుది జీవో వస్తుంది. అందులో ఒక వాక్యం అచ్చుపోసినట్టు తరచూ కనిపిస్తుంటుంది: గడువులోగా ప్రజల నుంచి ఎలాంటి అభ్యంతరాలూ అందలేదు.

నగరంలో ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పేది మాస్టర్ ప్లాన్. పటం మీద ఒక్కో వాడకానికి ఒక్కో రంగు వేస్తారు. ఇళ్లకు ఒకటి, దుకాణాలకు ఒకటి, ఫ్యాక్టరీలకు ఒకటి, పార్కులకు, చెరువులకు, పొలాలకు వేరువేరు రంగులు. మన భాషలో గ్రీన్ జోన్ అన్నా, ఇండస్ట్రియల్ జోన్ అన్నా ఆ రంగుల సంగతే. రంగు మారినంత మాత్రాన భూమి చేతులు మారదు. పాస్‌బుక్ మీ పేరు మీదే ఉంటుంది, సాగు చేసుకోవచ్చు. కానీ లేఅవుటు వేద్దామన్నా, కొడుక్కి ఇల్లు కడదామన్నా అనుమతి దగ్గర బండి ఆగిపోతుంది. కొనేవాడు ముందు జోన్ ఏమిటని అడుగుతాడు, తర్వాతే ధర మాట్లాడతాడు. ఆడపిల్ల పెళ్లికి ఎకరం అమ్ముదామనుకున్న రైతుకు ఆ రంగు ఎంత బరువో విడమరచి చెప్పక్కర్లేదు.

అందుకే రంగు వేసేముందు జనాన్ని అడగాలని చట్టాలు చెబుతాయి. 1920లో మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టిన టౌన్ ప్లానింగ్ చట్టం దగ్గర్నుంచి, 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం, 2008 నాటి హెచ్‌ఎండీఏ చట్టం దాకా పద్ధతి స్థూలంగా ఒకటే. ముందు ముసాయిదా ప్రకటించాలి, గడువు పెట్టాలి, అభ్యంతరాలు తీసుకోవాలి, పరిశీలించి ప్రభుత్వం ఖరారు చేయాలి. ఊరు మొత్తానికి కొత్త ప్లాన్ గీసినప్పుడూ ఇదే పద్ధతి. ఎవరో ఒకరు తమ నాలుగెకరాల జోన్ మార్చమని దరఖాస్తు పెట్టుకుని, మార్పిడి చార్జీలు కట్టి జీవో తెచ్చుకునేటప్పుడూ ఇదే. మొదటిదానికి గడువు నెలల్లో ఉంటుంది కాబట్టి కనీసం గొడవయినా జరుగుతుంది. రెండోది చడీచప్పుడు లేకుండా అయిపోతుంది. హైదరాబాద్ చుట్టూ 2013లో ఆమోదం పొందిన 2031 ప్లాన్‌కు ఇలా ఒక్కొక్కటిగా పడిన అతుకులు చాలానే ఉన్నాయి.

గొడవ అనగానే కామారెడ్డి గుర్తొస్తుంది. 2022 నవంబరులో అక్కడ మున్సిపాలిటీ ముసాయిదా మాస్టర్ ప్లాన్ బయటపెట్టి, అభ్యంతరాలకు 60 రోజుల గడువు ఇచ్చింది. ఆ గడువు 2023 జనవరి 11తో ముగియాలి. అడ్లూర్ ఎల్లారెడ్డి, రామేశ్వర్‌పల్లి లాంటి ఊళ్ల రైతులు పటం చూస్తే రెండు పంటలు పండే పొలాల మీద ఇండస్ట్రియల్ జోన్ అని ఒకచోట, రిక్రియేషన్ జోన్ అని ఇంకోచోట కనిపించింది. పొలాల మధ్యగా వంద అడుగుల రోడ్లు గీసి ఉన్నాయి. జనవరి 4న ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. 5న వేలమంది కలెక్టరేట్‌ను ముట్టడించారు, 6న పట్టణం బంద్ పాటించింది. ఇది ముసాయిదా మాత్రమే, మార్పులు చేస్తామని సర్కారు చెబుతూ వచ్చింది. జనవరి 20న కౌన్సిల్ సమావేశమై ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. అదే రోజు జగిత్యాల కౌన్సిల్ కూడా తమ ముసాయిదా మీద అలాంటి తీర్మానమే చేసింది.

ముసాయిదా మాత్రమే అన్న అధికారులు అబద్ధమాడలేదు, చట్టం ప్రకారం అది ముసాయిదానే. మా భూమి పోయిందన్న రైతులూ అబద్ధమాడలేదు, ఆ రంగు బయటికొచ్చిన రోజే పొలానికి బేరం ఆగిపోతుంది. చిక్కంతా పిలిచే వేళలో ఉంది. కన్సల్టెంట్ వచ్చి, సర్వే చేసి, పటం గీసి, రంగులన్నీ నింపాక జనాన్ని అడుగుతారు. విస్తళ్లు వేసి వడ్డించాక ఏం వండమంటారని అడిగినట్టు. గీత గీయకముందే ఊళ్లో గ్రామసభ పెట్టి, ఇక్కడ నీళ్లున్నాయా, ఇది ఎవరి బతుకు అని అడిగి ఉంటే కామారెడ్డిలో అంత దూరం వచ్చేది కాదని నా అభిప్రాయం.

ఇక 'హియరింగ్' అన్న మాట దగ్గర చాలామంది పొరపడతారు. ఫ్యాక్టరీకో గనికో పర్యావరణ అనుమతి ఇచ్చేముందు జరిగే ప్రజాభిప్రాయ సేకరణ మనకు తెలుసు. షామియానా, మైకు, పోలీసులు. 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం దానికి కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. కలెక్టరో, అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని అధికారో కూర్చోవాలి. మొత్తం వీడియో తీయాలి. జోన్ మార్పులో అలాంటి సభ ఉంటుందని ఎదురుచూస్తే గడువు దాటిపోతుంది. ఇక్కడ వినికిడంతా కాగితం మీదే.

నోటితో చెప్పుకొనే వీలు చట్టంలోనే ఉన్న చోట్లూ ఉన్నాయి. మహారాష్ట్ర 1966 చట్టం ప్రకారం అభ్యంతరం రాసిచ్చిన వారికి ప్రణాళికా కమిటీ ముందు చెప్పుకొనే అవకాశం ఇవ్వాలి. ఢిల్లీలో అభ్యంతరాలు వినడానికి ఒక బోర్డే ఉంది. అలాగని అక్కడంతా బాగుందనుకోకండి. 2021 జూన్‌లో బయటికొచ్చిన ఢిల్లీ 2041 ముసాయిదాకు సుమారు 33 వేల అభ్యంతరాలు, సూచనలు వచ్చాయి. బోర్డు 14 సార్లు సమావేశమైంది. అంటే సమావేశానికి రెండు వేల పైచిలుకు కాగితాలు. ఒక్కోదానికి ఒక్క నిమిషం ఇచ్చినా రోజున్నర పైనే పడుతుంది. రాసినవాళ్లందరూ మాట్లాడతామని అడగరు, ఒకే మాట వందలమంది రాస్తారు, అదీ నిజమే. అయినా తలుపు తెరిచారు కదా అని లోపల కూర్చోవడానికి చోటుందనుకోవడానికి లేదు.

కాబట్టి మన దగ్గర మిగిలింది కాగితమే. ఆ కాగితం ఎలా ఉండాలన్నది ఒక్క ఉదాహరణతో చెబుతాను. ఒక రైతుకు సర్వే నంబరు 212లో 2 ఎకరాల 10 గుంటలు ఉందనుకుందాం. ముసాయిదాలో అది రిక్రియేషన్ జోన్ అయింది. ఆయన కోపంతో, "మా పొట్ట కొట్టొద్దు, ప్లాన్ రద్దు చేయాలి" అని రాసిస్తే ఆఫీసులో అది వందల కాగితాల కట్టలో ఇంకో కాగితం. అదే ఆయన, "ముసాయిదాలో నా భూమిని పార్కు కింద చూపారు. ఇందులో బోరుంది, ఏటా రెండు పంటలు తీస్తున్నాను, పాస్‌బుక్ నకలు జతచేశాను. కిలోమీటరు లోపే సర్వే నంబరు 198లో ప్రభుత్వ భూమి ఖాళీగా ఉంది, పార్కు అక్కడ చూపవచ్చు. నా భూమిని వ్యవసాయ జోన్‌లోనే ఉంచాలి. నా వాదన నేరుగా వినాలి" అని రాస్తే టౌన్ ప్లానింగ్ అధికారి ఆ రెండు నంబర్లూ పటంలో వెతకాల్సి వస్తుంది. ఫైలు మీద ఏదో ఒకటి రాయాల్సి వస్తుంది. రేపు కోర్టుకు వెళ్తే, చూపడానికి ఒక ఆధారం ఉంటుంది. వంద మంది ఒకే కాగితాన్ని జిరాక్స్ తీసి సంతకాలు పెట్టేకంటే, పదిమంది పది సర్వే నంబర్లతో విడివిడిగా రాయడం మేలు.

అంతకంటే ముఖ్యం, అది చేరినట్టు రుజువు. రెండు కాపీలు పట్టుకెళ్లి, ఒకటి ఇన్‌వర్డ్‌లో ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, నంబరు, తేదీ వేయించుకోవాలి. సారు లంచ్‌కెళ్లారు రేపు రండి అంటే కూర్చోవాలి, లేదా పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. పటం ముందే చూసుకోవాలి. గోడకు అతికించిన పటంలో సర్వే నంబర్లు భూతద్దం పెట్టినా కనపడకపోతే, ఆ సంగతే మొదటి అభ్యంతరంగా రాయవచ్చు.

గడువు ముగిశాక ఏమవుతుంది? అభ్యంతరాలను అధికారులు పట్టికగా వేస్తారు. ఒక గడిలో అభ్యంతరం, పక్క గడిలో ఆఫీసు అభిప్రాయం. ఆ పట్టిక ప్రభుత్వానికి వెళ్తుంది. మన అభ్యంతరాన్ని ఎందుకు తోసిపుచ్చారో ఇంటికి ఉత్తరం వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. కారణం చెప్పి తీరాలని, అడిగినవారిని పిలిచి వినాలని మన రెండు రాష్ట్రాల చట్టాల్లో గట్టిగా రాయించుకోవాల్సిన అవసరం ఉంది. పట్టణ ప్రణాళికను పన్నెండో షెడ్యూలులో మొట్టమొదటి అంశంగా పెట్టి, 74వ రాజ్యాంగ సవరణ మున్సిపాలిటీల వైపు చూపి మూడు దశాబ్దాలు దాటినా చివరి సంతకం ఇంకా సచివాలయంలోనే ఉంది.

అప్పటిదాకా సమాచార హక్కు చట్టం ఒకటుంది. మీ ఇన్‌వర్డ్ నంబరు వేసి, నా అభ్యంతరం మీద ఆఫీసు అభిప్రాయం ఏమిటి, ఆ పట్టిక నకలు ఇవ్వండి అని దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. తుది జీవో రాకముందే అడగండి.