మడక సాళ్లు, మూడు వేళ్ల అడుగులు

1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం ప్రాంతంలోని రెడ్డిపల్లె దగ్గర, ఐతన్న అనే వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో ఒక పిట్టను పట్టుకున్నాడు. అది కలివికోడి. జెర్డన్ అనే బ్రిటిష్ వైద్యుడు 1848లో లోకానికి చెప్పిన పిట్ట. 1900 తర్వాత పక్షిశాస్త్రజ్ఞులెవరి కంటా పడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు దాని బొమ్మ అచ్చువేసి ఊళ్లలో చూపించి అడిగారు. 86 ఏళ్లు దొరకనిది, అక్కడి పొదలు ఎరిగిన మనిషిని అడగబట్టి దొరికింది.

సీమలో చిన్న బడి పిల్లలకు ఊరి చరిత్ర, ప్రకృతి ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే నేను ఈ కథ దగ్గరే అంటాను. ఒక బొమ్మ, ఊళ్లో తెలిసిన మనిషి, ఒక ప్రశ్న. ఇంతకన్నా పెద్ద సరంజామా ఏ బడికీ అక్కర్లేదు.

ఆ తర్వాతి కథ పిల్లలకు ఇంకా నచ్చుతుంది. కలివికోడి రాత్రుళ్లు తిరిగేది, మనిషికి సులువుగా కనపడదు. అందుకని పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మన్ను పట్టీలుగా పరిచి, తెల్లారి వచ్చి అడుగుజాడలు చూసేవారు. దీనికి వెనకవేలు ఉండదు, ముందుకు మూడే. ఈ పని ఏ బడి వెనకాలైనా చేయవచ్చు. సాయంత్రం మన్ను జల్లించి పరిచి పోతే, పొద్దున్నే కోడి, తొండ, పిల్లి, ఉడుత ఎవరి సంతకం వాళ్లు పెట్టి ఉంటారు. పిల్లలు వాటిని బొగ్గుతో కాగితం మీదికి ఎక్కిస్తారు. ఏ అడుగు ఎవరిదో తేల్చడానికి గొర్రెల కాపరి తాత కావాలి. ఆ రోజుకు ఆయనే అయ్యవారు.

ఇక చరిత్రకు వస్తే, కర్నూలు వైపు, గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి ఉంది. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలు 2,200 ఏళ్లకు పైగా ఎండకూ వానకూ నిలిచాయి. వాటిలో ఒక దానిలో కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికి, తర్వాతివి కుడినుంచి ఎడమకు నడుస్తాయి. పట్నం పిల్లవాడికి ఇది వింత. సేద్యగాడి బిడ్డకు వింతేమీ కాదు: చేను చివర మడక తిప్పుకుని, వచ్చిన సాలు పక్కనే మరో సాలు తోలుతున్నట్టే. పలక ఇచ్చి, తన పేరూ తన ఊరి పేరూ మడక సాళ్లలాగ రాయమంటే గది నిండా నవ్వులే. ఆ నవ్వుల మధ్యనే చెప్పాలి, ఆ రాతలో ఏముందో: తల్లిదండ్రుల మాట వినాలి, ప్రాణుల మీద దయ చూపాలి, శిష్యుడు గురువును గౌరవించాలి.

ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్లలో దొరికిన శాసనం మన భాషది. క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళుడు ధనంజయుడు వేయించినది. ఇప్పటివరకు దొరికిన తెలుగు శాసనాల్లో తొలిదిగా దాన్నే చెబుతారు. ఆ అక్షరాల నకలు చూసి, చెరువు బంకమట్టి పలక చేసి, పుల్లతో తన పేరు గీసుకున్న పిల్ల, 'అ' ఎంత దూరం నడిచి వచ్చిందో వేళ్లతో తెలుసుకుంటుంది. ఇక రాళ్ల సంగతి. కడప జిల్లా వేంపల్లె చుట్టుపక్కల, క్యాబేజీని అడ్డంగా కోసినట్టు పొరలుపొరలుగా ఉండే బండలున్నాయి. వంద కోట్ల ఏళ్ల కిందటికన్నా పాత కాలంలో, నీళ్లలో సూక్ష్మజీవులు పొర మీద పొర కట్టిన ఆనవాళ్లవి. కాగితం పరిచి బొగ్గు రుద్దితే ఆ పొరలు దిగుతాయి.

ఇదంతా ఊహల్లో మిగిలే మాట కాదు. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ బడి వారు చుట్టుపక్కల పల్లెల ఏకోపాధ్యాయ బడుల్లో ఊరి కథలు, పాటలు, తోలుబొమ్మలను చదువులోకి తెచ్చారు. కొలతలు నేర్పడానికి పిల్లల చేతే సంత పెట్టించారు. పద్మనాభరావు, రమ దంపతులు తీర్చిదిద్దిన ఆ పద్ధతి ఇతర రాష్ట్రాల బడులకూ చేరింది.

వేసవికి పిల్లలతో ఊరికి వెళ్తున్నవాళ్లకు ఒక్క మాట. అవ్వ ఇంటి పెరట్లో రాత్రి మన్ను పరవండి. తెల్లారి ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడే చూడాలి, నడినెత్తికి వచ్చాక జాడలు కనపడవు. పిల్లలు ఒక్కో అడుగు మీద వేలు పెట్టి అవ్వనే అడగనివ్వండి.