బాలకంఠంలోని బలం: బ్రిటెన్ ‘మిస్సా బ్రెవిస్’

ఇంగ్లండులోని పెద్ద చర్చిల్లో బాలుర గాయకబృందాలు శతాబ్దాలుగా పాడుతున్నప్పటికీ, ఇరవయ్యో శతాబ్దం నడిమికాలం దాకా అక్కడ ఆదర్శంగా చెలామణి అయిన నాదం చాలావరకు ఒక్కటే: ఛాతీ బలాన్ని అణచి, కంపనం లేకుండా, తలలో మాత్రమే మోగేటట్లు పలికించే మెత్తని స్వరం. అది అందమైనదే గానీ భయం, ఆర్తి, ఉద్వేగం దానిలో సరిగా పలకవు. లండన్‌లోని కథోలిక ప్రధానాలయమైన వెస్ట్‌మినిస్టర్ కథీడ్రల్‌లో 1947 నుంచి 1959 వరకు సంగీత నిర్వహణ చేపట్టిన జార్జ్ మాల్కమ్ ఈ ఆదర్శాన్ని అంగీకరించక, ఆటస్థలంలో పిల్లలు బిగ్గరగా పిలుచుకునే సహజమైన గొంతునే సాధనతో తీర్చిదిద్ది, పదునూ నిండుదనమూ గల నాదాన్ని రాబట్టాడు.

బాలుర గానంలో ఏ గురువైనా కాలంతో పోటీపడవలసిందే. కౌమారంలో స్వరపేటిక పెరిగి, స్వరతంతువులు పొడవుగా, మందంగా మారడంతో గొంతు సుమారు ఒక స్థాయి కిందికి దిగుతుంది. అందువల్ల బాగా తయారైన గాయకుడు కొద్ది ఏళ్ళకే పైస్వరాల వరుసను విడిచిపెడతాడు, శిక్షణ మళ్ళీ చిన్నవారితో మొదలవుతుంది.

1959 ఆరంభంలో ఈ బాలురు తన ‘ఎ సెర్మనీ ఆఫ్ కారల్స్’ పాడగా విన్న స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్, మాల్కమ్ పదవీ విరమణ సందర్భంగా ‘మిస్సా బ్రెవిస్’ రచించి, ఆయనకూ ఆ బాలురకూ అంకితమిచ్చాడు. ఆ లాటిన్ పేరు చిన్న పూజాగీతావళిని సూచిస్తుంది. కథోలికుల దివ్యబలిపూజలోని స్థిరమైన ప్రార్థనలకు స్వరాలు కూర్చినా, పొడవైన విశ్వాస ప్రకటనను ఇందులో చేర్చలేదు. మూడు వరుసల బాలుర గాత్రాలు, ఒక ఆర్గాన్, దాదాపు పది నిమిషాల నిడివి: పరికరాలు ఇంతే అయినా రచన మాత్రం పిల్లల కోసమని ఎక్కడా తేలిక చేసినది కాదు.

స్తుతిగీతమైన ‘గ్లోరియా’ పూజారి ఆలపించే ప్రాచీన చర్చి బాణీ నుంచి పుట్టి, ఏడు మాత్రల నడకలో పరుగెడుతుంది. మిశ్రచాపుకు అలవాటుపడిన చెవికి ఆ లెక్క కొత్త కాకపోయినా, లండన్ చర్చి గానంలో అది అరుదైన ఉరవడి. ‘సాంక్తుస్’లో సప్తకంలోని పన్నెండు స్వరస్థానాలూ మూడు వరుసల మధ్య పంపిణీ అవుతాయి. అన్నిటికన్నా గాఢమైనది చివరి భాగమైన ‘అగ్నుస్ దేయి’. అందులో ఆర్గాన్ పాదమెట్ల నుంచి ఒకే స్వరగుచ్ఛం వదలకుండా తిరిగి తిరిగి మోగుతుండగా, దానిపై బాలుర గొంతులు పరస్పరం ఒరుసుకుంటూ కరుణను యాచిస్తాయి. ఈ యాచనలో నిజమైన భయం వినిపించాలంటే మాల్కమ్ పెంచిన గట్టి కంఠాలే కావాలి.

1962–65 మధ్య జరిగిన రెండవ వాటికన్ మహాసభ ప్రజల భాషలకు పూజలో చోటు కల్పించడంతో, తెలుగునాట కథోలికులు తెలుగులో ప్రార్థిస్తుండగా, ఇలాంటి లాటిన్ రచనలు అనేక చోట్ల ఆలయం విడిచి కచేరీలకు చేరాయి. వెస్ట్‌మినిస్టర్ కథీడ్రల్ బృందం మాత్రం లాటిన్ గానాన్ని పూజలో కొనసాగించింది. బాలకంఠాలను బ్రిటెన్ కూడా విడిచిపెట్టలేదు: 1962లో కోవెంట్రీలో వినిపించిన ‘వార్ రిక్వియెమ్’లో బాలుర బృందాన్ని చిన్న ఆర్గాన్‌తో దూరాన నిలిపి, యుద్ధమృతుల కోసం చేసే లాటిన్ ప్రార్థనలను వారిచేత పాడించాడు.