గంట పనికి పూటంతా పడిగాపులు

పొద్దున తొమ్మిదింటికి రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు గారు కేస్ షీట్ చూసి ‘ఇక ఇంటికెళ్లిపోవచ్చమ్మా’ అంటారు. ఆయన ఇంకా పక్క మంచం దగ్గరకు చేరకముందే పేషెంటు వెంట ఉన్నవాళ్లు ఫ్లాస్కు, దుప్పటి, పళ్లేలు బుట్టలో సర్దేస్తారు. ఊరికి ఫోన్ చేసి మధ్యాహ్నానికల్లా వచ్చేస్తామని, అన్నం వండి ఉంచమని చెప్పేస్తారు. సాయంత్రం నాలుగైనా ఆ బుట్ట మంచం పక్కనే ఉంటుంది. ఆసుపత్రిలో చేరడం తేలిక, బయటపడటమే కష్టం అని జనం అంటున్నారంటే ఊరికే అనరు.

గుంటూరులో ఓ ప్రైవేటు ఆసుపత్రి క్వాలిటీ విభాగంలో చాలాకాలంగా పనిచేస్తున్నాను. మా డబ్బాలో పడే ఫిర్యాదుల్లో వైద్యం గురించినవి తక్కువ, డిశ్చార్జ్ ఆలస్యం గురించినవి ఎక్కువ. ‘స్టాఫ్‌కి బద్ధకం’ అని పేషెంట్ల మాట. ‘స్టాఫ్ చాలరు’ అని సిస్టర్ల మాట. ‘కొత్త సాఫ్ట్‌వేర్ కొంటే సరి’ అని పైవాళ్ల మాట. ముగ్గురూ మనుషుల వైపో, మిషన్ల వైపో చూస్తున్నారు. నడవాల్సిన ఫైలు ఎక్కడ ఆగిందో మాత్రం ఎవరూ చూడటం లేదు.

ఫైలు వెంట ఒక రోజు

అందుకని డిశ్చార్జ్ అయ్యే ప్రతి ఫైలుకూ ఒక తెల్లకాగితం పిన్ చేయించాం. అందులో మూడే గడులు: ఏ విభాగం, ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి వెళ్లింది. వార్డులో సిస్టర్ ఒకామె కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, ‘ఇది ఎవరి మీద పెట్టడానికి మేడం?’ అని అడిగింది. ఎవరి మీదా కాదని చెబితే నమ్మరు. అందుకే అందులో పేరు రాసే గడి పెట్టలేదు. పేరు లేదని చూశాకే టైములు నిజంగా రాయడం మొదలుపెట్టారు.

ఆ కాగితాల్లో ఒకటి ఇప్పటికీ నా డ్రాయరులో ఉంది. సత్తెనపల్లి వైపు నుంచి వచ్చిన ఓ పెద్దాయనది, ఇన్సూరెన్స్ లేని నగదు కేసు. 9.10కి డాక్టరు గారు పంపించమన్నారు. డ్యూటీ డాక్టరు మిగతా రౌండ్స్ ముగించుకుని డిశ్చార్జ్ సమ్మరీకి కూర్చునేసరికి 11 అయింది. రాయడానికి పావుగంట పట్టింది. ఈలోగా పెద్ద డాక్టరు గారు ఆపరేషన్ థియేటర్లోకి వెళ్లిపోయారు. ఆయన బయటికొచ్చి సంతకం పెట్టింది 1.20కి, పెట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. వాడకుండా మిగిలిన ఇంజెక్షన్లు, సెలైన్లు లెక్కబెట్టి ఫార్మసీకి తిప్పి పంపాలి. వార్డ్ బాయ్ ఇంకో ముగ్గురివి కూడా జమయ్యేదాకా ఆగి 1.50కి తీసుకెళ్లాడు. అది భోజనాల వేళ. రిటర్న్స్ ఎంట్రీ అయ్యేసరికి 2.30. బిల్లింగ్‌లో ఒక రక్తపరీక్ష ఎక్కలేదని ఫైలు మళ్లీ వార్డుకొచ్చి, మళ్లీ కిందికి వెళ్లింది. 3.35కి డబ్బు కట్టారు. మందులు ఎలా వేసుకోవాలో సిస్టర్ చెప్పి, చేతికున్న కాన్యులా తీసి పంపేసరికి 4.05.

మొత్తం ఆరు గంటల యాభై అయిదు నిమిషాలు. అందులో ఎవరైనా ఆ ఫైలు మీద నిజంగా చేసిన పనిని కూడితే అటూ ఇటూగా గంట. మిగిలిన దాదాపు ఆరు గంటలూ అది ఏదో ఒక బల్ల మీద పడి ఉంది. ఆ గంట పని చేసినవాళ్లలో ఒక్కరూ ఖాళీగా కూర్చోలేదు. బిల్లింగ్‌లో కుర్రాడు అన్నమాట ఇది: ‘ఫైలొస్తే బిల్లు పావుగంట పనండీ. ఫైలు రావద్దూ?’

టయోటా ఫ్యాక్టరీ నుంచి వార్డు దాకా

పని తక్కువ, ఆగడం ఎక్కువ అనే ఈ సంగతిని ఒక పద్ధతిగా మలిచినవాడు జపాన్‌లో టయోటా ఇంజనీరు తాయిచీ ఓనో. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ కంపెనీ దగ్గర డబ్బు లేదు, సరుకు నిల్వ చేసుకునే స్తోమత లేదు. అమెరికా కంపెనీల్లా గుట్టలుగా తయారుచేసి పెట్టుకోవడం కుదరదు. అందుకని ఓనో కొనేవాడికి పనికిరాని ప్రతి అడుగునూ వృథా కిందే లెక్కగట్టి, దాన్ని ఏడు రకాలుగా విడగొట్టాడు: అవసరానికి మించి తయారుచేయడం, ఎదురుచూడటం, అటూ ఇటూ మోయడం, అక్కర్లేని పని చేయడం, నిల్వలు పేరుకుపోవడం, మనుషులు అనవసరంగా తిరగడం, తప్పులు చేసి దిద్దుకోవడం. నేల మీద సుద్దముక్కతో గుండ్రంగా గీసి, మేనేజర్లను అందులో గంటల తరబడి నిలబెట్టి, ఎదురుగా జరిగే పనిని చూడమనేవాడని చెబుతారు. 1980ల చివర్లో అమెరికా పరిశోధకులు ఈ పద్ధతికి లీన్ అని పేరు పెట్టారు. 1990లో వచ్చిన ‘ద మెషిన్ దట్ చేంజ్‌డ్ ద వరల్డ్’ పుస్తకంతో ఆ పేరు ప్రపంచమంతా పాకింది.

ఫ్యాక్టరీలో వృథా కంటికి కనిపిస్తుంది. విరిగిన భాగమో, గోడౌన్లో పేరుకున్న సరుకో ఎదురుగానే ఉంటుంది. బ్యాంకులో, ఆసుపత్రిలో, మండల ఆఫీసులో అది కనిపించదు. ఫైలు ట్రేలో ఉంటుంది, దరఖాస్తు కంప్యూటర్లో ‘పెండింగ్’ అని ఉంటుంది. బెంచీ మీద కూర్చున్న మనిషి మాత్రమే కనిపిస్తాడు. అతణ్ని చూడటం మనకు ఎంతగా అలవాటైపోయిందంటే, అతను కూర్చున్న గంటలు ఎవరి లెక్కలోకీ రావు. సేవాసంస్థల్లో ఈ పద్ధతి పెట్టాలంటే మొదట చేయాల్సింది ఆ గంటలను కాగితం మీదికి ఎక్కించడమే.

ఎందుకు, ఎందుకు, ఎందుకు

ఓనో నేర్పిన ఇంకో సంగతి, సమస్య ఎదురైతే ‘ఎందుకు’ అని వరసగా అయిదుసార్లు అడగడం. మా ఫార్మసీ రిటర్న్స్ మీద దీన్ని పెట్టి చూశాం. రిటర్న్స్ ఎందుకు ఆలస్యమవుతున్నాయి? లెక్కబెట్టాల్సినవి ఎక్కువగా ఉంటున్నాయి కాబట్టి. ఎందుకు అన్ని మిగులుతున్నాయి? వార్డువాళ్లు ఒక రోజుకు బదులు రెండు రోజుల మందులకు ఇండెంట్ పెడుతున్నారు కాబట్టి. ఎందుకలా? రాత్రిపూట అర్జంటుగా ఏదైనా కావాలంటే దొరకడానికి చాలాసేపు పడుతుందని భయం. ఎందుకు పడుతుంది? రాత్రి ఫార్మసీ కౌంటర్లో ఒక్కడే ఉంటాడు. ఎందుకు ఒక్కడే? పగటి అమ్మకాలు చూసి డ్యూటీలు వేశారు కాబట్టి.

అంటే మధ్యాహ్నం రెండున్నరకు ఆగిపోయిన బిల్లుకు మూలం అంతకుముందు రాత్రి ఫార్మసీ డ్యూటీ చార్టులో ఉంది. పగటిపూట కౌంటర్లో ఉన్న కుర్రాణ్ని ఎంత గదమాయించినా ఇది తేలేది కాదు. పగటి షిఫ్టు నుంచి ఒకరిని రాత్రికి మార్చాక వార్డులు ఏ రోజు మందులు ఆ రోజే తీసుకోవడం మొదలుపెట్టాయి. రిటర్న్స్ సంచులు చిన్నవయ్యాయి.

మిగతా మార్పులూ ఇలాంటివే, పైసా ఖర్చు లేనివి. మర్నాడు వెళ్లబోయేవాళ్ల పేర్లు సాయంత్రమే బోర్డు మీదికి ఎక్కుతాయి. రాత్రి డ్యూటీ డాక్టరు సమ్మరీ సగం రాసి ఉంచుతాడు. బిల్లు చివరి రోజు మొదలెట్టకుండా రోజూ సాయంత్రం సరిచూస్తారు కాబట్టి ఎక్కని పరీక్షలు ముందే బయటపడతాయి. రౌండ్స్ వరస మార్చడానికి మాత్రం పెద్ద వాదనే జరిగింది. వెళ్లిపోయేవాళ్లను ముందు చూడమంటే, ‘సీరియస్ కేసుల్ని వదిలేసి ఇంటికెళ్లేవాళ్లను ముందు చూడమంటారా?’ అని ఓ సీనియర్ డాక్టరు గారు గట్టిగా అడిగారు. ఆయన అన్నదాంట్లో న్యాయముంది. చివరకు ఐసీయూ ముందు, ఇంటికెళ్లేవాళ్లు తర్వాత, మిగతావాళ్లు ఆ తర్వాత అని కుదిరింది. నగదు కట్టే పేషెంట్లలో చాలామంది ఇప్పుడు భోజనాల వేళకు ఇంటిదారి పడుతున్నారు. ఇన్సూరెన్స్ కేసులకు మాత్రం బయటి కంపెనీ అనుమతి రావాలి కాబట్టి ఇంకా సాగదీతే.

మంచాల లెక్క

ఇదంతా పేషెంటు సౌకర్యం కోసమే అనుకుంటే పొరపాటు. 1961లో జాన్ లిటిల్ అనే అమెరికా ఆచార్యుడు ఓ సులువైన సూత్రాన్ని గణితపరంగా రుజువు చేశాడు. ఒకచోట ఎంతమంది ఉంటారనేది, రోజుకు ఎంతమంది వస్తున్నారు, ఒక్కొక్కరు ఎంతకాలం ఉంటున్నారు అనే రెంటినీ గుణిస్తే తేలుతుంది. రోజుకు 20 మంది చేరే ఆసుపత్రి అనుకుందాం. ఒక్కొక్కరు సగటున 5 రోజులుంటే 100 మంచాలు కావాలి. డిశ్చార్జ్ ఆరేసి గంటలు, అంటే పావు రోజు చొప్పున ఆలస్యమైతే ఇంకో 5 మంచాలు కావాలి. ఆ అయిదు మంచాల మీద ఉన్నవాళ్లకు జబ్బు లేదు, వైద్యం అక్కర్లేదు, ఉన్నదల్లా రాని ఫైలు. అదే సమయంలో కింద క్యాజువాలిటీలో మంచం కోసం స్ట్రెచర్ మీద మనిషి ఎదురుచూస్తుంటాడు. ఇది చూసి కొత్త బ్లాకు కట్టాలని తీర్మానించే యాజమాన్యాలున్నాయి.

మధురైలో 1976లో డాక్టర్ జి. వెంకటస్వామి 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి ఈ లెక్కను బాగా ఒంటబట్టించుకుంది. అక్కడ సర్జన్ పక్కపక్కనే రెండు బల్లల మధ్య కూర్చుంటారు. ఒక బల్ల మీద శుక్లం ఆపరేషన్ జరుగుతుంటే రెండో బల్ల మీద తర్వాతి పేషెంటును నర్సులు సిద్ధం చేస్తారు. సర్జన్ చేయి ఖాళీగా ఉండదు, తొందరా పడదు. ఒక్కో సర్జన్ ఏడాదికి 2,000 దాకా ఆపరేషన్లు చేయగలగడం, పేదవాళ్లకు ఉచితంగా చేయగలగడం దీనివల్లే. తిరుపతిలోనూ వాళ్ల ఆసుపత్రి ఉంది. అమెరికాలో సియాటిల్‌లోని వర్జీనియా మేసన్ ఆసుపత్రి పెద్దలు 2002లో జపాన్ వెళ్లి, ఫ్యాక్టరీల్లో పని తీరు చూసొచ్చి తమ ఆసుపత్రిని మార్చుకున్నారు. ఈ మార్పుల వల్ల ఎవరి ఉద్యోగమూ పోదని సిబ్బందికి మాటిచ్చారు కూడా.

గెజిటెడ్ సంతకం గుర్తుందా?

ప్రభుత్వ ఆఫీసుల్లో వృథాకు నలభై దాటిన వాళ్లందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. ఏ దరఖాస్తు పెట్టాలన్నా మార్కుల జాబితా జిరాక్సు మీద గెజిటెడ్ అధికారి ఆకుపచ్చ సిరా సంతకం కావాల్సి వచ్చేది. దానికోసం జూనియర్ కాలేజీ లెక్చరర్ల ఇళ్ల చుట్టూ, పశువుల డాక్టరు గారి ఇంటి చుట్టూ తిరిగేవాళ్లం. ఎలాగూ చివర్లో ఒరిజినల్స్ చూస్తారు. అలాంటప్పుడు ఆ సంతకంతో ఎవరికి ప్రయోజనం? 2014లో కేంద్ర ప్రభుత్వం సొంత సంతకమే చాలని చెప్పింది. ఆకాశమేమీ విరిగిపడలేదు. ఆ పనిని వేగంగా చేయడానికి యాప్ తయారుచేయలేదు, పనినే తీసేశారు. మంచి సంస్కరణ అంటే అది.

పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి వెళ్లినవాళ్లు ఏ, బీ, సీ కౌంటర్లు చూసే ఉంటారు. టోకెన్ పిలవగానే ఒక కౌంటర్ నుంచి ఇంకో కౌంటర్‌కు మనిషితో పాటే దరఖాస్తూ కదులుతుంది, కాగితం లోటుంటే అక్కడికక్కడే తెలుస్తుంది. దీనికి భిన్నంగా, కంప్యూటర్ వచ్చాక కూడా అదే సమాచారాన్ని స్క్రీన్ మీద ఒకసారి, రిజిస్టర్లో ఒకసారి రాసి, ప్రింటు తీసి మళ్లీ సంతకం పెట్టించే ఆఫీసులు కొల్లలు. అక్కర్లేని పనిని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే అది అక్కర్లేని పనిగానే ఉంటుంది, కరెంటు ఖర్చు అదనం.

కత్తెర పట్టేవాళ్లతో జాగ్రత్త

ఈ పద్ధతి పేరు చెప్పి సిబ్బందిని కోసేసే మేనేజర్లూ ఉన్నారు. గంట పనికి ఇంతమంది ఎందుకని ఇద్దర్ని తీసేస్తే, మిగిలినవాళ్లు ఇంకెప్పుడూ మీ కాగితం మీద నిజం టైము రాయరు. పైగా కౌంటర్లో మనిషికి క్షణం తీరిక లేకుండా పని నింపితే, ఇద్దరు ఒకేసారి రాగానే వరస పేరుకుపోతుంది, రోజంతా తరగదు. కాస్త వెసులుబాటు ఉండాలి, దాన్ని వృథా అనకూడదు.

అలాగే ఏది వృథా అనేది పేషెంటు వైపు నుంచి తేల్చాలి. ఆ సత్తెనపల్లి పెద్దాయనకు పొద్దున ఏ మాత్ర, రాత్రి ఏ మాత్ర అని సిస్టర్ చీటీ మీద సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ గీసి చెప్పింది. ఆ ఏడెనిమిది నిమిషాలను తగ్గించమని స్టాప్‌వాచ్ పట్టుకున్నవాడు అంటాడు. ఆ పూటంతా కలిపి ఆయనకు నిజంగా పనికొచ్చినవి ఆ నిమిషాలే. అవసరమైతే పెంచాలి.

ఇక మీరు చేయగలిగినవి కొన్ని. మీవాళ్లు ఆసుపత్రిలో ఉంటే, రేపు పంపిస్తారా అని ముందురోజు సాయంత్రమే అడగండి. పంపుతామంటే, మిగిలిన మందులు ఆ రాత్రే తిప్పి పంపమనండి, అప్పటిదాకా అయిన బిల్లు చూపించమనండి. ఇన్సూరెన్స్ ఉంటే, ఆసుపత్రి నుంచి అభ్యర్థన అందిన 3 గంటల్లోగా కంపెనీ తుది అనుమతి ఇవ్వాలని, ఆ ఆలస్యం వల్ల పడే అదనపు ఛార్జీలు కంపెనీయే భరించాలని 2024 మేలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. కాబట్టి ఆసుపత్రి ఆ అభ్యర్థన ఎన్నింటికి పంపిందో ఇన్సూరెన్స్ పనులు చూసే టీపీఏ డెస్క్‌లో అడిగి రాసుకోండి. ఏ ఆఫీసులోనైనా ‘ఎందుకింత ఆలస్యం’ అని గొడవపడితే జవాబు రాదు. ‘నా ఫైలు ఇప్పుడు ఎవరి బల్ల మీద ఉంది, ఎన్నింటికి అక్కడికి వెళ్లింది’ అని అడగండి. దానికి ఎవరో ఒకరు వెతికి చెప్పక తప్పదు.