బోరబండకును బేగంబజారుకును నడుమ ఒక వెనుక గది

బోరబండ రైలు స్టేషనులో దిగి బస్తీలోనికి పోవు సందులో, తెల్లవారుచుండగనే షట్టరు తీయు ఒక కిరాణా దుకాణము కలదు. తరువాతి స్టేషను హైటెక్ సిటీ. 2003 ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు నడువ నారంభించిననాటి నుండియు ఈ ఇరుకు ఇండ్ల నుండి ఆ గాజు మేడలకు పనికి పోయివచ్చువారు అనేకులు. ఆ మేడలలో కంప్యూటరు నిపుణులు తలపట్టుకొని కూర్చుండు ఒక చిక్కును ఈ దుకాణదారు ఏ గ్రంథమును చదువకయే విప్పుకొన్నాడని, అతని అంగడి ముందు నిలిచినప్పుడెల్ల నాకు తోచుచుండును.

అతని గల్లాపెట్టె ప్రక్కన, లేవకయే చేతికందునట్లు, పాలపొట్లములు, టీపొడి, అగ్గిపెట్టెలు ఉండును. వెనుక గదిలో పప్పుల బస్తాలు, నూనె డబ్బాలు. అంతకుమించిన సరుకంతయు బేగంబజారు టోకు అంగళ్లలో నున్నది. 'కందిపప్పు ఉన్నదా అన్నా?' అని ఎవరైన నడిగినచో, 'లోపలున్నది అక్కా, ఒక్క నిమిషం' అని లేచిపోయి తెచ్చును. ఆ వెనుక గది లేకున్నచో, గల్లా ప్రక్క పట్టని ప్రతి వస్తువునకును నగరమును దాటి బేగంబజారునకు పోయి రావలసినదే గదా!

కంప్యూటరునకును ఇట్టి మూడు చోట్లు కలవు. ప్రాసెసరు చెంతనుండు ర్యామ్ గల్లా ప్రక్క అర. హార్డ్ డిస్కు బేగంబజారు. ఆ రెంటి నడుమ ఫ్లాష్ మెమరీని వెనుక గదిగా నిలుపు పద్ధతికే ఫ్లాష్ క్యాష్ అని పేరు. ఈ క్యాష్ అను మాట నగదును చెప్పునది కాదు. దాచుట యను అర్థము గల ఫ్రెంచి ధాతువు నుండి పుట్టినది.

హార్డ్ డిస్కు తిరుగు యంత్రము. అయస్కాంతపు పూత గల పళ్లెము నిమిషమునకు 7200 మారులు తిరుగుచుండగా, దానిపై వ్రాలీ వ్రాలనట్లు నిలిచిన చిన్న ముల్లు కావలసిన వలయము కడకు జరిగి, కావలసిన సమాచారము తన క్రిందికి వచ్చువరకు కాచుకొనవలెను. ఒక్క చుట్టునకే 8.3 మిల్లీసెకన్లు పట్టును. సగటున అందులో సగము కాచుకొనుటయు, ముల్లు జరుగుటయు కలిసి సుమారు 12 మిల్లీసెకన్లు. 1956లో ఐ.బి.ఎం. వారి రామాక్ యంత్రము రెండడుగుల వ్యాసము గల 50 పళ్లెములపై 50 లక్షల అక్షరములను దాచెను. నేటి డిస్కు అరచేతిలో ఇమిడి అంతకు లక్షలాది రెట్లు దాచుచున్నను, పళ్లెము తిరుగక తప్పుటలేదు, ముల్లు కాచుకొనక తప్పుటలేదు. ర్యామ్‌కు పట్టునది సుమారు 100 నానోసెకన్లు, ఫ్లాషునకు సుమారు 100 మైక్రోసెకన్లు. ఈ కొలతలు మనస్సునకు పట్టవు గావున దుకాణము లెక్కకు మార్చి చూతము: గల్లా ప్రక్క వస్తువు నందుకొనుటకు 1 సెకను పట్టినచో, వెనుక గది నుండి తెచ్చుటకు 17 నిమిషములు, బేగంబజారు నుండి తెప్పించుటకు 33 గంటలు పట్టును.

ఫ్లాషును కనుగొన్నవాడు జపానులో తోషిబా సంస్థ ఇంజనీరుగా నుండిన ఫుజియో మసువోకా. 1984లో దానిని లోకమునకు వెల్లడించి, నేడు మన ఫోన్లలో నున్న నాండ్ జాతిని 1987లో ప్రకటించెను. సమాచారమంతయు ఒక్కమారుగా చెరిగిపోవుట కెమెరా ఫ్లాషు మెరుపును తలపించుటచే, సహోద్యోగి యొకరు ఆ పేరు సూచించిరట. ఇందులో ఎలక్ట్రానులు బంధక పదార్థపు గోడల నడుమ చిక్కి, కరెంటు పోయినను ఏండ్ల తరబడి నిలిచియుండును. అయితే దీనికొక పెద్ద లోపము కలదు. ఒక పంక్తిని మాత్రము చెరుపుటకు వీలులేని పలకను ఊహించుకొనుడు: ఒక్క అక్షరము దిద్దవలెనన్నను, మిగిలిన పంక్తులను వేరొక పలకపై ఎత్తి వ్రాసికొని, పాత పలకనంతయు తడిగుడ్డతో తుడువవలెను; తుడిచినకొలది పలక అరుగును. తొలినాటి ఫ్లాషు లక్ష తుడుపుల నోర్చెడిది. ఒక్కొక్క అరలో మూడేసి బిట్లను కూర్చు నేటి జాతి కొద్ది వేలకే అలసిపోవును. అమెరికాకు చెందిన మైక్రాన్ సంస్థ 2019లో హైదరాబాదున అభివృద్ధి కేంద్రమును తెరచినది మొదలు, ఇట్టి మెమరీల పని మన ఊరి పనియు నైనది.

చేరువలో దాచుకొనుట యను ఊహ ఫ్లాషుకంటె పాతది. మారిస్ విల్క్స్ 1965లోనే దానిని ఒక చిన్న వ్యాసములో వివరించెను. ఫ్లాషును డిస్కు ముందు నిలిపిన ప్రయత్నములలో నాకు మిక్కిలి ఆదరపాత్రమైనది ఫ్లాష్‌క్యాష్ అను ప్రోగ్రాము. ఫేస్‌బుక్ సంస్థ భారతదేశమున తన తొలి కార్యాలయమును హైదరాబాదున తెరచిన 2010వ సంవత్సరముననే, మోహన్ శ్రీనివాసన్ అను ఆ సంస్థ ఇంజనీరు లినక్సు కొరకు వ్రాసిన ఈ ప్రోగ్రాము లోకమునకు ఉచితముగా వెలువడినది. ఉన్న డిస్కులను పారవేయక, వాని యెదుట ఒక ఫ్లాషు పరికరము నుంచి, పదేపదే అడుగబడు సమాచారమును అందులో నిలుపుట దాని పని.

గది నిండినపుడు ఏది తీసివేయవలెను? చాలకాలముగా ఎవరును అడుగనిదానిని అనుట సామాన్య సూత్రము, చాలవరకు సరియైన సూత్రము. కాని నా మట్టుకు అసలైన ప్రశ్న గుమ్మము కడ నున్నది: దేనిని లోనికి రానీయవలెను? రాత్రివేళ బ్యాకప్ ప్రోగ్రాము డిస్కునంతయు మొదటినుండి తుదివరకు ఒక్కమారు చదివిపోవును. చదివిన ప్రతిదానిని వెనుక గదిలో చేర్చితిమా, ఉదయపు గిరాకీవేళకు కందిపప్పు ఉండవలసిన చోట మరల ఎవరును అడుగని సరుకుండును. ర్యామ్‌లో ఈ పొరపాటు వలన కాలము మాత్రమే వ్యర్థము. ఫ్లాషులోనో, పలకయు అరుగును. అందుచేతనే, ఏకబిగిని చదువబడుదానిని లోనికి రానీయక దాటవేయు ఏర్పాటు ఫ్లాష్‌క్యాష్‌లో కలదు. దాచుటకు చోటున్నను దాచకుండుట అందలి నేర్పు.

వ్రాత విషయమున మన వర్తకుల పాత పద్ధతియే చక్కని దృష్టాంతము. చిట్టాలో పద్దు వ్రాసి, అప్పుడే ఆవర్జాలోనికిని ఎక్కించి, పిదప గిరాకీని పంపుట ఒక తీరు. ఇది నిదానము, నిర్భయము. చిట్టాలో మాత్రము వ్రాసి పంపివేసి, తీరిక దొరికినపుడు ఆవర్జాకు ఎక్కించుట రెండవ తీరు. ఇది వేగము, కాని ఎక్కింపని చిట్టా నశించినచో ఆ అప్పులను అడుగుటకు ఆధారము మిగులదు. చిట్టాను ముట్టక నేరుగా ఆవర్జాలో వ్రాయుట మూడవది. ఫ్లాష్‌క్యాష్ ఈ మూడింటికిని వీలు కల్పించినది. రెండవదానిని ఎన్నుకొనువారు చిట్టాకు నకలుంచుకొనవలెనని, అనగా రెండు ఫ్లాషు పరికరములను జతపరుపవలెనని, నేను గట్టిగా నమ్ముదును; ఇతరుల సమాచారము మన చేతిలో నున్నపుడు వేగముకంటె భద్రత మిన్న.

అయితే ఆ రెండవ తీరున మరియొక లాభము కలదు. సర్వరు ఆగి మరల లేచునప్పటికి ర్యామ్ ఖాళీయైయుండును. అది నిండువరకు ప్రతి ప్రశ్నయు డిస్కు కడకు పరుగెత్తవలసినదే, గంటల తరబడి అంతయు మందగించును. ఫ్లాష్‌క్యాష్ ఆ తీరున నడచినపుడు ఫ్లాషులోని సరుకును, ఏది ఎక్కడనున్నదను పట్టికను, యంత్రము లేచిన పిదప సైతము నిలుపుకొనును. బోరబండలో తెల్లవారి షట్టరు లేచునప్పటికి పాలబండి ఇంకను రాదు, గల్లా ప్రక్క అర వట్టిదై యుండును. తొలి గిరాకీ వచ్చి కందిపప్పు అడుగును. 'లోపలున్నది అక్కా' అని దుకాణదారు లేచును.