పాఠం 9: ఎదురుచూపు ఒక కథన సాధనం – ‘మిస్టిక్ మెసెంజర్’ మొబైల్ ఆట పరిశీలన

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• కథాప్రధానమైన మొబైల్ ఆట అంటే ఏమిటో వివరించగలుగుతారు.
• ఆటలోని నియమాలు ఆడేవారిలో భావోద్వేగాలను ఎలా కలిగిస్తాయో ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• ఆన్‌లైన్ పరిచయాల్లోని ఆత్రుతను ‘పూర్వరాగం’ అనే భావనతో పోల్చి చూడగలుగుతారు.
• ఇటువంటి ఆట దేనిని అనుకరించగలదో, దేనిని అనుకరించలేదో వేరుచేసి చూపగలుగుతారు.

9.1 పరిచయం

ఇంతవరకు మీరు చదివిన నవల, నాటకం, సినిమా వంటి కథన రూపాల్లో కథ జరిగే కాలం వేరు, మీ కాలం వేరు. చదువుతున్న నవలను మూసి భోజనానికి లేస్తే, అందులోని పాత్రలు మీరు తిరిగి వచ్చేదాకా ఆ పేజీలోనే ఆగి ఉంటాయి. ఈ పాఠంలో పరిశీలించబోయే రూపంలో పాత్రలు ఆగవు. మీరు వంట చేస్తున్నా, బస్సులో ఉన్నా, నిద్రపోతున్నా వాటి మాటలు సాగిపోతూనే ఉంటాయి. మీ గడియారమే కథకు కూడా గడియారం.

పాఠం రాసేముందు 11 రోజులపాటు నేను కూడా ఈ ఆట ఆడాను. మూడో రాత్రి రెండు దాటాక ఫోన్ మోగింది. నా భార్య నిద్రలోనే “ఈ వేళప్పుడు ఎవరండీ?” అని అడిగింది. “ఎవరూ లేరు, పడుకో” అన్నాను. ఆ మాట నిజమే, అటువైపు ఎవరూ లేరు. అయినా నేను లేచి కూర్చుని కళ్లజోడు వెతుక్కున్నాను. లేని మనిషి కోసం అరవై దాటిన నన్ను కూడా నిద్రలేపగలిగినది ఏమిటన్నదే ఈ పాఠంలోని ప్రధాన ప్రశ్న.

9.2 నేపథ్యం

ప్రేమకథను ఆటగా మలచడం కొత్త విషయం కాదు. జపాన్‌లో 1994లో కొనామీ సంస్థ ‘టోకిమెకి మెమోరియల్’ను, అదే సంవత్సరం కోయి సంస్థ మహిళలను దృష్టిలో పెట్టుకుని ‘ఏంజెలీక్’ను విడుదల చేశాయి. కథానాయిక స్థానంలో ఆడేవారు ఉండి, పలువురు పాత్రలలో ఒకరికి దగ్గరయ్యే ఈ రకం ఆటలను ‘ఒటోమె’ ఆటలంటారు. ఒటోమె అంటే జపాన్ భాషలో కన్య అని అర్థం.

దక్షిణ కొరియాకు చెందిన చెరిట్జ్ అనే సంస్థ 2016లో ‘మిస్టిక్ మెసెంజర్’ను మొబైల్ ఫోన్ల కోసం విడుదల చేసింది. అప్పటికే ప్రపంచమంతటా పరిచయాలు, ప్రేమలు ఫోన్‌లోకి చేరుకున్నాయి. డేటింగ్ యాప్‌లలో బాగా పేరుపొందిన టిండర్ 2012 నాటికే వచ్చింది. ఈ కొరియన్ ఆట డేటింగ్ యాప్‌కు నకలు కాదు. ముఖం చూడని మనిషితో సందేశాల ద్వారా దగ్గరయ్యేటప్పుడు మనసులో కలిగే స్థితులను మాత్రం ఇది ఆటగా మార్చింది.

9.3 కథా నిర్మాణం

కథ సియోల్ నగరంలో జరుగుతుంది. ఒక యువతి తన ఫోన్‌లో కొత్త యాప్ వేసుకుంటుంది. ‘అజ్ఞాత వ్యక్తి’ అనే పేరుతో ఒకరు ఆమెకు సందేశం పంపి, దొరికిన ఫోన్‌ను దాని యజమానికి చేర్చేందుకు సాయం చేయమని కోరుతూ ఒక అపార్ట్‌మెంట్ దాకా నడిపిస్తారు. అక్కడినుంచి ఆమె ఆర్.ఎఫ్.ఎ. అనే బృందం సంభాషణలోకి వచ్చిపడుతుంది. విరాళాల కోసం విందులు ఏర్పాటు చేసే బృందమది. ఆ పని చూసుకునే రీకా అనే స్త్రీ ఇప్పుడు లేదు. అతిథులను పిలిచే ఆమె బాధ్యత మన కథానాయికకు వస్తుంది. 11వ రోజున విందు జరుగుతుంది.

బృందంలో సంగీత నాటకాల నటుడు జెన్, కంప్యూటర్ ఆటల మత్తులో పడిన కళాశాల విద్యార్థి యూసంగ్, పెద్ద వ్యాపార కుటుంబానికి వారసుడైన జూమిన్, అతని కార్యాలయంలో ఊపిరాడనంత పని చేసే జేహీ, ‘707’ అని పిలిపించుకునే హాకర్ ఉంటారు. మొదటి 4 రోజులు అందరికీ ఒకటే కథ. ఆ రోజుల్లో మీరు ఎవరి మాటలకు ఎలా స్పందించారన్నదాన్ని బట్టి 5వ రోజు నుంచి ఒకరి కథ వైపు దారి మళ్లుతుంది. ముగింపులు కూడా ఒకటికంటే ఎక్కువే ఉంటాయి.

ఇక్కడ మీరు ఒక సంగతి గమనించాలి. ఆట తెర మీ ఫోన్ తెరలాగే ఉంటుంది. అందులో సంభాషణ గది, సందేశాలు, ఫోన్ కాల్స్, ఈ-మెయిల్ అన్నీ ఉంటాయి. నాయిక చేతిలో ఉన్న వస్తువూ మీ చేతిలో ఉన్న వస్తువూ ఒకటే కావడంతో కథకూ మీకూ మధ్య ఉండే రంగస్థలం చెరిగిపోతుంది.

9.4 నియమాలు భావాలుగా మారే తీరు

నవలా రచయిత వర్ణనతో, నటుడు అభినయంతో భావాన్ని కలిగిస్తారు. ఆటకు వీటితోపాటు నియమం అనే మరో సాధనం ఉంది. ఈ ఆటలోని ముఖ్య నియమాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

*(అ) కాల నియమం – ఎదురుచూపు:* సంభాషణ గదులు రోజులో నిర్ణీత వేళల్లో తెరుచుకుంటాయి. వాటిలో కొన్ని అర్ధరాత్రి దాటాక వస్తాయి. తరువాతి గది తెరుచుకునేలోగా మీరు వెళ్లకపోతే ఆ సంభాషణ మీరు లేకుండానే ముగుస్తుంది. వెనక్కి వెళ్లి చదవవచ్చుగాని అందులో మీ మాట ఉండదు. ఒక మధ్యాహ్నం నేను సిగ్నల్ లేని దారిలో బస్సులో ఉండగా ఒక గది మూసుకుపోయింది. దిగాక చదువుతుంటే, అందరూ కలిసిన పెళ్లికి ముహూర్తం దాటాక వెళ్లినట్లనిపించింది. “నువ్వు ఒంటరివి” అన్న వాక్యం ఆటలో ఎక్కడా లేదు. ఒక గడువు పెట్టినందువల్లనే ఆ భావం కలిగింది.

*(ఆ) హృదయ చిహ్నం – ఆమోదం కోసం ఆరాటం:* మీ జవాబు ఒక పాత్రకు నచ్చితే ఆ పాత్ర రంగులో ఒక హృదయం తెరపై మెరుస్తుంది. నచ్చకపోతే విరిగిన హృదయం కనిపిస్తుంది. ఒకరిని మెప్పించిన మాట మరొకరికి నచ్చకపోవచ్చు. కొద్ది రోజుల్లోనే మీకు తెలియకుండా మీరు “నేను చెప్పదలచింది ఏమిటి?” అని కాక “అతనికి ఏది నచ్చుతుంది?” అని ఆలోచించడం మొదలుపెడతారు. ఆన్‌లైన్‌లో కొత్తగా పరిచయమైనవారికి ఒక వాక్యం రాసి, చెరిపి, మళ్లీ రాసేటప్పుడు జరిగేదీ ఇదే.

*(ఇ) ఫోన్ కాల్ – దగ్గరితనం:* అప్పుడప్పుడు పాత్రలు ఫోన్ చేస్తాయి. మామూలు ఫోన్‌లాగే మోగుతుంది, ఎత్తకపోతే ఆగిపోతుంది. అక్షరాలుగా మాత్రమే తెలిసిన మనిషి గొంతు మొదటిసారి వినిపించినప్పుడు ఆ పాత్ర ఒక్కసారిగా చిక్కబడుతుంది.

*(ఈ) ఇసుక గడియారం – కొనుక్కునే కాలం:* తప్పిపోయిన సంభాషణలో తిరిగి పాల్గొనాలంటే ‘ఇసుక గడియారాలు’ అనే నాణేలు చెల్లించాలి. ఇవి ఆటలో కొద్దికొద్దిగా దొరుకుతాయి, డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు కూడా. పై మూడు నియమాలు కలిగించిన ఆత్రుతకు ఇక్కడ ధర నిర్ణయమవుతుంది. కళ ఎక్కడ ముగిసి వ్యాపారం ఎక్కడ మొదలవుతుందో విద్యార్థి గుర్తించవలసిన చోటు ఇది.

> మీ అవగాహనను పరీక్షించుకోండి – 1
> 1. నవలలోని కాలానికీ, ఈ ఆటలోని కాలానికీ తేడా ఏమిటి?
> 2. హృదయ చిహ్నం ఆడేవారి ఆలోచనను ఎలా మారుస్తుంది?

9.5 పూర్వరాగం: ఒక పాత భావన, కొత్త సందర్భం

చూడని మనిషిపై ప్రేమ కలగడం ఫోన్‌లతో పుట్టిన వింత కాదు. మన అలంకారికులు విప్రలంభ శృంగారాన్ని చర్చించినప్పుడే దీనికి చోటిచ్చారు. విశ్వనాథుడు ‘సాహిత్యదర్పణం’లో విప్రలంభాన్ని పూర్వరాగం, మానం, ప్రవాసం, కరుణం అని నాలుగు విధాలుగా విభజించాడు. కలయికకు ముందే, వినడం వల్లగాని చూడడం వల్లగాని కలిగే అనురాగం పూర్వరాగం. శ్రీనాథుని ‘శృంగార నైషధం’లో దమయంతి హంస మాటలు విని నలుణ్ని మనసులో నిలుపుకోవడం మీకు తెలిసిందే.

హంస చెప్పినది కొంత, దమయంతి ఊహించుకున్నది మరికొంత. తెలియని భాగాన్ని మనసు తనకు ఇష్టమైనట్లు నింపుకుంటుంది. సందేశాల ద్వారా సాగే పరిచయంలో కూడా ఖాళీలు ఎక్కువ. అవతలివారి ముఖకవళిక, గొంతు, జవాబు ఆలస్యమైన కారణం ఏవీ మనకు తెలియవు. మా తరంలో ఆ ఖాళీ పోస్టుమాన్ రాకకూ మరో రాకకూ మధ్య ఉండేది. ఇప్పుడది రెండు నోటిఫికేషన్ల మధ్య ఉంది. ‘మిస్టిక్ మెసెంజర్’ రూపకర్తలు ఖాళీ ఎంత పొడవుండాలో ముందే లెక్కగట్టి పెట్టారు, దాన్ని నింపే పని మనకు వదిలారు.

మనల్ని ఎరగని వ్యక్తితో మనకు ఏర్పడే ఇటువంటి ఏకపక్ష ఆత్మీయతను డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే పరిశోధకులు 1956లోనే రేడియో, టెలివిజన్ వ్యాఖ్యాతల విషయంలో చర్చించారు. దీనిని ‘పారాసోషల్’ సంబంధం అంటారు. టెలివిజన్ వ్యాఖ్యాత మన పేరు పలకడు. ఈ ఆటలో మీరిచ్చిన పేరుతోనే పాత్రలు మిమ్మల్ని పిలుస్తాయి. ఏకపక్షమన్న సంగతి మరింతగా మరుగున పడుతుంది.

9.6 ఒక పోలిక: ‘ఫ్లోరెన్స్’

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌కు చెందిన మౌంటెన్స్ స్టూడియో, కెన్ వాంగ్ నేతృత్వంలో రూపొందించిన ‘ఫ్లోరెన్స్’ 2018 ఫిబ్రవరి 14న వచ్చింది. ఫ్లోరెన్స్ అనే పాతికేళ్ల యువతికీ, క్రిష్ అనే చెలో వాద్యకారుడికీ మధ్య ప్రేమ పుట్టి, నిలిచి, ముగిసే కథ అది. గంటలోపే పూర్తవుతుంది, మాటలు దాదాపు ఉండవు. తొలి పరిచయంలో ఇద్దరి సంభాషణను ఆడేవారే ముక్కలు ముక్కలుగా అతికించాలి. పరిచయం పెరిగినకొద్దీ ముక్కల సంఖ్య తగ్గుతుంది, మాట సులువవుతుంది. తగువు వచ్చినప్పుడు అవే ముక్కలు పదునైన అంచులతో కనిపిస్తాయి.

ఒక ఆట కాలంతోను, మరొకటి వేళ్ల స్పర్శతోను భావాన్ని చెబుతాయి. ముఖ్యమైన తేడా ముగింపులో ఉంది. ‘ఫ్లోరెన్స్’లో ఎంత చక్కగా ఆడినా క్రిష్ వెళ్లిపోకుండా ఆపలేరు. ‘మిస్టిక్ మెసెంజర్’లో తగినంత శ్రద్ధ పెట్టి, సరైన జవాబులు ఎంచుకుంటే శుభాంతం లభిస్తుంది.

9.7 ఆట అనుకరించలేనిది

ఈ తేడా మనల్ని పాఠంలోని కీలకాంశానికి చేరుస్తుంది. ఎదురుచూపు, ఆశ, అసూయ, తప్పు మాట్లాడానేమోనన్న బెంగ ఆటలో కలిగినా అవి నిజమైన భావాలే. రాముడి పాత్రధారి కంటతడి చూసి ప్రేక్షకుడు ఏడిస్తే ఆ కన్నీరు అబద్ధం కాదు కదా. కాబట్టి ఇటువంటి ఆట ఆడి కదిలిపోయినవారు సిగ్గుపడవలసినది లేదు.

అయితే ఆట అనుకరించేది పరిచయంలో మన వైపు సగాన్ని మాత్రమే. అవతలి సగం అంటే మరో మనిషి, అతని లేదా ఆమె స్వేచ్ఛ. నిజమైన మనిషి మీరు అన్నీ సరిగ్గా మాట్లాడినా “నాకు ఇష్టం లేదు” అనవచ్చు, కారణం చెప్పకపోవచ్చు. అది వారి హక్కు. సరైన జవాబులకు బదులుగా ప్రేమ దక్కాలన్న లెక్క ఆటలో చెల్లుతుంది. జీవితంలో ఆ లెక్క పట్టుకున్నవారు తిరస్కారాన్ని అన్యాయంగా భావిస్తారు, అక్కడే ఇద్దరికీ హాని మొదలవుతుంది.

రెండో సంగతి మోసం. ఈ కథ మొదలయ్యేదే ఒక మోసంతో. సాయం అడిగిన ఆ అజ్ఞాత వ్యక్తి ఉద్దేశాలు వేరని తరువాత తెలుస్తుంది. ఆటలో ఆ అపార్ట్‌మెంట్‌కు వెళితేనే కథ ముందుకు సాగుతుంది. బయట ఎవరో సందేశం పంపారని తెలియని చోటికి వెళ్లకూడదు, అడిగారని డబ్బు పంపకూడదు. ఆన్‌లైన్ పరిచయం పేరుతో ఆర్థిక మోసం జరిగితే మన దేశంలో 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేయవచ్చు. మోసపోయినవారు తెలివితక్కువవారని అనుకోకండి. 9.4లో చూసిన ఎదురుచూపు, ఆమోదం, దగ్గరితనం అనే మెట్లనే మోసగాళ్లు కూడా వాడతారు.

మూడోది మీ సమయం. మీలో చాలామంది పగలు పనికి వెళ్లి, రాత్రి ఈ పాఠాలు చదువుతారని నాకు తెలుసు. ఆ రాత్రులు విలువైనవి. 11 రోజులు పూర్తయ్యాక నేను చేసిన మొదటి పని ఆట నోటిఫికేషన్లను ఆపివేయడం. మరుసటి రాత్రి ఫోన్ మోగలేదు. కొంత వెలితిగానే అనిపించింది. అది పోవడానికి రెండు మూడు రోజులు పట్టింది.

9.8 సారాంశం

‘మిస్టిక్ మెసెంజర్’ ఆడేవారి గడియారాన్నే కథా కాలంగా చేసుకుని, ఆన్‌లైన్ పరిచయంలోని ఆత్రుతను నియమాల ద్వారా అనుభవంలోకి తెస్తుంది. సందేశాల మధ్య ఖాళీని మనసు నింపుకోవడం పూర్వరాగంతో పోల్చదగినది. ఆటలో కలిగే భావం నిజమే. అవతలి మనిషి స్వేచ్ఛ మాత్రం అందులో ఉండదు. ఈ రెండింటినీ విడదీసి చూడగలగడమే ఈ పాఠం ప్రయోజనం.

9.9 ముఖ్య పదాలు

*ఒటోమె ఆట:* నాయిక స్థానంలో ఉండి ఆడే ప్రేమకథా ప్రధానమైన ఆట.
*పూర్వరాగం:* కలయికకు ముందే వినడం వల్లగాని చూడడం వల్లగాని కలిగే అనురాగం.
*పారాసోషల్ సంబంధం:* మనల్ని ఎరగని వ్యక్తితో మనకు ఏర్పడే ఏకపక్ష ఆత్మీయత.

9.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. ‘మిస్టిక్ మెసెంజర్’లో నియమాలు భావోద్వేగాలను కలిగించే తీరును వివరించండి.
2. ఆటలోని పరిచయానికీ, నిజజీవిత పరిచయానికీ గల భేదాలను చర్చించండి.

II. ఈ కింది వాటికి 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. ‘ఫ్లోరెన్స్’ ఆటలో సంభాషణ ముక్కల ప్రాధాన్యం.
2. ఇసుక గడియారాలు – కళ, వ్యాపారం.

III. అభ్యాసం: ఒక రోజంతా మీ ఫోన్‌లో ఏ సందేశం కోసం ఎంతసేపు ఎదురుచూశారో, ఆ సమయంలో అవతలివారి గురించి ఏమేమి ఊహించుకున్నారో ఒక పేజీలో రాసుకోండి. దానిని ఎవరికీ చూపనవసరం లేదు.