బావి లోతు – పంపు ఎత్తు

కోయంబత్తూరు, మదురై ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో సేద్యం మీద బతికేవి ఎన్నో ఉన్నాయి. ఇంట్లో మనం బావి అంటాం, వీధిలోకి వెళ్తే కిణరు అంటాం. పేరేదైనా, దానికి తగిన పంపును ఎంచుకోవడం ఎలా? ఈ రోజు ఆ విషయం ముచ్చటించుకుందాం.

ఒకప్పుడు ఎద్దులతో మోట తోలి నీళ్లు తోడేవారు. 1930ల్లో పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరుకు అందింది. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు ఇక్కడే విద్యుత్ మోటారు తయారు చేశారు. క్రమంగా పంపుసెట్లకు కోయంబత్తూరు పెట్టింది పేరయింది. అయినా తగని పంపు కొని నష్టపోయే రైతులు ఇప్పటికీ ఉన్నారు. అంగట్లో మనం మొదట అడిగేది హార్స్‌పవరు. ముందుగా తెలుసుకోవలసింది మాత్రం ఎత్తు.

పంపు నీటిని లాగుతుందని అనుకుంటాం. నిజానికి నీటిని పైకి నెట్టేది గాలి. పంపు తిరిగితే సక్షన్ పైపులో ఒత్తిడి తగ్గుతుంది. బావి నీటి మీద ఉన్న గాలి బరువు ఆ నీటిని పైపులోకి నెడుతుంది. గాలి నెట్టగలిగేది సుమారు 34 అడుగుల వరకే. గెలీలియో 1638లో అచ్చయిన తన గ్రంథంలో ఈ హద్దును ప్రస్తావించాడు. కొద్ది ఏళ్లకే టారిచెల్లి పాదరసపు గొట్టంతో దాని కారణం తేల్చాడు. పైపు రాపిడి, వంపులు, మన నేల సముద్రమట్టానికి ఎత్తున ఉండడం, ఇవన్నీ తీసివేస్తే ధైర్యంగా నమ్ముకోదగ్గది సుమారు 20 అడుగులే. 5 హార్స్‌పవరు మోటారు తీసి 10 పెట్టినా ఈ హద్దు మారదు.

కాబట్టి అంగడికి వెళ్లే ముందు రెండు కొలతలు తీసుకోండి. బావిలోకి దిగనవసరం లేదు, తాడుకు రాయి కట్టి వదిలితే చాలు. మొదటిది, నడివేసవిలో నీళ్లు తోడిన తర్వాత నిలిచే మట్టం. రెండవది, ఐప్పసి, కార్తీక మాసాల వానల తర్వాత నిండిన మట్టం.

ఉదాహరణకు వేసవి మట్టం 50 అడుగులు, వానల మట్టం 36 అడుగులు అనుకుందాం. 33 అడుగుల లోతున దిమ్మె కట్టి పంపు బిగిస్తే వేసవిలో సక్షన్ 17 అడుగులు, హద్దులోనే ఉంది. వానల్లో మోటారు మునగదు. తొట్టి నేలకు 10 అడుగుల ఎత్తున ఉంటే మొత్తం 60 అడుగులు. పైపు రాపిడికి మరో 6 కలిపితే 66, అంటే సుమారు 20 మీటర్లు. పంపు మీది పలకపై ‘హెడ్’ అని రాసి ఉంటుంది. మీ 20 మీటర్లు ఆ అంకెల మధ్యలో పడాలి. హెడ్ చాలని పంపు అయితే నీరు తొట్టికి చేరదు. హెడ్ మరీ ఎక్కువైనది పెడితే చాలా రకాల పంపుల్లో నీరు అతిగా పారి, మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది.

రెండు మట్టాల మధ్య తేడా 20 అడుగులు దాటితే? పైన బిగిస్తే వేసవిలో నీరందదు, కింద బిగిస్తే వానల్లో మోటారు మునుగుతుంది. అలాంటి బావికి నీటిలోనే ఉండి పనిచేసే సబ్‌మెర్సిబుల్ పంపే దారి. అది ఎప్పుడూ మునిగే ఉండాలి, చుట్టూ ఉన్న నీరే దాన్ని చల్లబరుస్తుంది.

ఫుట్‌వాల్వు కూడా వేసవి మట్టానికి కనీసం రెండడుగులు కిందుండాలి. లేకపోతే సుడి లేచి పైపులోకి గాలి చొరబడుతుంది. చేపల పడవ వెనుక బిగించే మోటారుదీ ఇదే కథ. కాడ పొట్టిదైతే కింది రెక్కలు నీటికి బదులు గాలిని కోస్తాయి, మోటారు అరుస్తుంది, పడవ కదలదు.

ఎండిన పంపు తిరిగితే ముందు సీలు పోతుంది, తర్వాత పైరు పోతుంది. తాడు వేసి కొలిచి, రెండు అంకెలూ చీటీ మీద రాసుకుని అంగడికి వెళ్లండి. సెలవు.